మధ్యాహ్నం తాగిన టీ రాత్రి ఏం చేస్తుంది?

సంక్రాంతి దాటిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలల్లో మిరప కోతలు ముమ్మరమవుతాయి. అంతకు ముందు నుంచే పత్తి తీతలు నడుస్తుంటాయి. ఈ నెలల్లో ఊళ్లో రోజు తెల్లవారుజామున 4 గంటలకే మొదలు. ఆడవాళ్లు వంట ముగించి, క్యారేజీ కట్టుకుని, నెత్తికి గుడ్డ చుట్టుకుని ముఠాతో కలిసి ఆటో ఎక్కేసరికి ఇంకా మసక చీకటే. చేలో వంగిన నడుము కాస్త నిటారయ్యేది టీ క్యాను వచ్చినప్పుడే. పొద్దున ఒకసారి, అన్నాలయ్యాక ఎండ వాలే వేళకు మరోసారి. సాయంత్రం ఇంటికి చేరాక మళ్లీ పొయ్యి, గిన్నెలు, పిల్లలు. పడక చేరేసరికి రాత్రి 10.

కోసిన కాయ కల్లంలో ఎండుతున్నన్నాళ్లూ రైతుకూ నిద్ర కరువే. మంచు పడుతుందేమో, మబ్బు పడుతుందేమో, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని కాయ పక్కనే మంచం వేసుకుని కాపలా కాస్తాడు. సరుకు టిక్కీల్లోకి ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకు బయలుదేరేది చాలాసార్లు రాత్రిపూటే. లారీ డ్రైవరు, హమాలీ, రైతు, గుమస్తా అందరూ మెలకువగా ఉండాలి. అందరి చేతిలోనూ ఒక చిన్న టీ గ్లాసు.

ఇంత ఒళ్లు వంచిన మనిషికి పడుకోగానే నిద్ర పట్టాలి. చాలామందికి పడుతుంది కూడా. అయినా తెల్లారి లేస్తే బడలిక తీరదు. కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, తల బరువుగా ఉంటుంది, ఒక టీ పడితే తప్ప కళ్లు తెరుచుకోవు. ఈ బడలికకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో మన చేతిలో ఉన్నవి రెండు: కెఫీన్ పుచ్చుకునే వేళ, ఒళ్లు అలసే వేళ. ఈ అధ్యాయం వాటి గురించే. నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటలో ఇదీ: కష్టం నిద్రను సంపాదించి పెడుతుంది, వేళ తప్పిన టీ ఆ సంపాదనలో కోత పెడుతుంది.

నిద్రను పిలిచేవి రెండు

మనకు నిద్ర ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఇవాళ్టికీ ఎక్కువగా వాడుతున్న వివరణను 1982లో జ్యూరిక్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెయి ఇచ్చాడు. అతని లెక్కలో నిద్రను నడిపేవి రెండు. మొదటిది శరీర గడియారం. మెదడు అడుగు భాగంలో ఉండే ఈ గడియారం వెలుతురును బట్టి దాదాపు 24 గంటల తిరుగుడులో పనిచేస్తుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదల చేయించి, ఒంటి వేడిని కాస్త తగ్గించి, నిద్రకు రంగం సిద్ధం చేస్తుంది.

రెండోది నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్న ప్రతి గంటా మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయ్యే కొద్దీ మిగిలేదే ఈ అడెనోసిన్. అది మెదడు కణాల మీద తనకంటూ ఉన్న గ్రాహకాలకు అతుక్కుని, పని తగ్గించమని సంకేతమిస్తుంది. కళ్లు మూతలు పడటం, ఆవలింత, మాట తడబడటం ఆ సంకేతం ఫలితాలే. రాత్రి నిద్రపోయినప్పుడు, ముఖ్యంగా తొలి గంటల గాఢనిద్రలో, ఈ నిల్వ తరిగిపోతుంది. పొద్దున హాయిగా లేచామంటే రాత్రి ఆ పని చక్కగా జరిగిందన్నమాట.

సాయంత్రానికి ఒత్తిడి పెరిగి, గడియారం కూడా రాత్రయిందని చెబితే, ఆ రెండూ కలిసిన వేళ మంచి నిద్ర పడుతుంది. కెఫీన్ ఈ రెండింటినీ చెదరగొట్టగలదు.

సీటు మీద తువ్వాలు

కాఫీ గింజలోంచి కెఫీన్‌ను తొలిసారి వేరు చేసినవాడు జర్మన్ రసాయనవేత్త ఫ్రీడ్‌లీబ్ రూంగె. అది 1819లో. ఆ గింజలను అతని చేతికిచ్చి పరీక్షించమన్నవాడు మహాకవి గోథె. తర్వాత కొన్నేళ్లకు టీ ఆకులోనూ ఒక పదార్థాన్ని కనుక్కుని దానికి వేరే పేరు పెట్టారు గానీ, రెండూ ఒకటేనని త్వరలోనే తేలింది. కాఫీలో ఉన్నదీ టీలో ఉన్నదీ ఒకే కెఫీన్. తేడా మోతాదులోనే.

కెఫీన్ అణువు ఆకారం అడెనోసిన్‌ను పోలి ఉంటుంది. అందుకే అది అడెనోసిన్ గ్రాహకాల్లో దూరి కూర్చోగలదు. కూర్చుంటుందే గానీ, పని తగ్గించమన్న సంకేతం మాత్రం ఇవ్వదు. పండగ పూట బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం చూస్తాం కదా. తువ్వాలు ఉన్నంతసేపూ ఆ సీటులో ఎవరూ కూర్చోలేరు. అంతమాత్రాన ఎక్కవలసిన జనం తగ్గిపోరు, కింద పోగవుతూనే ఉంటారు. టీ తాగాక మనకు కలిగే హుషారు అలాంటిదే. అలసట తీరదు, తెలియకుండా ఉంటుంది. కెఫీన్ దిగిపోయాక అప్పటిదాకా పోగైన అడెనోసిన్ ఒక్కసారిగా పని మొదలుపెడుతుంది. మళ్లీ ఒక టీ తాగాలనిపించేది అప్పుడే.

కెఫీన్ రక్తంలో చేరి పతాక స్థాయికి రావడానికి అరగంట నుంచి గంట చాలు. దిగడానికే చాలాసేపు పడుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడిలో సగం కెఫీన్ కరిగిపోవడానికి సుమారు 5 గంటలు. సాయంత్రం 4 గంటలకు 100 మిల్లీగ్రాములు ఒంట్లో చేరితే, రాత్రి 9కి 50 మిల్లీగ్రాములు, అర్ధరాత్రి దాటాక 2 గంటలకు 25 మిల్లీగ్రాములు మిగిలి ఉంటాయి. గాఢనిద్ర పట్టవలసిన తొలి గంటలన్నీ ఆ మిగులు సమక్షంలోనే గడుస్తాయి.

గ్లాసులో ఎంత?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించి విడుదల చేసింది. అందులో కెఫీన్ లెక్క ఉంది. 150 మిల్లీలీటర్ల కప్పులో డికాషన్ కాఫీ అయితే 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ అయితే 50 నుంచి 65, టీ అయితే 30 నుంచి 65. రోజు మొత్తానికి 300 మిల్లీగ్రాములు మించవద్దని ఆ సంస్థ సలహా.

మన టీ కొట్లలో ఇచ్చే గ్లాసు అంత పెద్దది కాదు. అందులో పట్టేది సగం కప్పు. అంటే ఒక్కో గ్లాసులో సుమారు 15 నుంచి 32 మిల్లీగ్రాములు. విడిగా చూస్తే తక్కువే. కానీ చేలో రెండు, యార్డులో మూడు, ఇంటికొచ్చాక ఒకటి, ఇలా రోజుకు ఆరు గ్లాసులు పడితే 90 నుంచి 190 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. పైగా ఒకటి దిగకముందే మరొకటి ఎక్కుతుంది. గ్లాసు చిన్నది కాబట్టి లెక్కలోకి రాదని అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

ఇప్పుడు ఊళ్లలోని కిరాణా కొట్లలోకి కూడా శక్తి పానీయాల సీసాలు వచ్చాయి. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండొచ్చు. 250 మిల్లీలీటర్ల సీసాలో అది 36 నుంచి 75 మిల్లీగ్రాములు అవుతుంది. తియ్యగా చల్లగా ఉండే సరికి పిల్లలు కూడా దాన్ని సోడా కిందే జమకడుతున్నారు.

కూలి పనికీ టీకీ ఈ ముడి ఎలా పడిందో కూడా చెప్పుకోవాలి. మన దేశంలో సామాన్యుడికి టీ అలవాటు తనంతట తాను రాలేదు. తోటల యజమానులు 1903లో చట్టం ద్వారా టీ మీద సెస్ పెట్టించుకుని, ఆ డబ్బుతో దశాబ్దాల పాటు ప్రచారం నడిపించారు. రైల్వే స్టేషన్లలో, సంతల్లో, మిల్లుల్లో టీ కాచి పోసి రుచి మప్పారు. అలసట పోగొట్టే పానీయమని ఊరూరా చెప్పించారు. విశ్రాంతికి బదులు టీ అన్న భావన అలా పాదుకుంది.

ఎన్ని గంటల ముందు ఆపాలి?

దీనికి సూటిగా జవాబు వెతికిన ప్రయోగం 2013లో అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు చేశారు. క్రిస్టఫర్ డ్రేక్, అతని సహచరులు 12 మందికి 400 మిల్లీగ్రాముల కెఫీన్‌ను మూడు వేర్వేరు వేళల్లో ఇచ్చారు: పడుకునే ముందు, 3 గంటల ముందు, 6 గంటల ముందు. ఆరు గంటల ముందు తీసుకున్నప్పుడు కూడా నిద్ర గంటకు పైగా తగ్గింది. మోతాదు పెద్దదే, అందులో సందేహం లేదు. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటుంది. ఆరు గంటల ముందు తీసుకున్న రోజున నిద్ర అంత తగ్గిందని యంత్రం చూపించింది గానీ, ఆ మనుషులు రాసుకున్న డైరీల్లో అది స్పష్టంగా కనబడలేదు. "నాకేం, టీ తాగి పడుకున్నా నిద్రపడుతుంది" అనే మాట ఎందుకు నమ్మదగింది కాదో దీన్ని బట్టి తెలుస్తుంది. నిద్ర పట్టడం వేరు, పట్టిన నిద్ర లోతుగా సాగడం వేరు.

2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇలాంటి 24 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. సగటున కెఫీన్ మొత్తం నిద్రను 45 నిమిషాలు తగ్గించింది, నిద్ర పట్టే సమయాన్ని 9 నిమిషాలు పెంచింది, గాఢనిద్రను 11 నిమిషాలు కోసేసింది. 107 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న కాఫీని పడుకోవడానికి కనీసం 8.8 గంటల ముందే ముగించాలని వాళ్లు తేల్చారు. రాత్రి 10కి పడుకునేవారికి అది మధ్యాహ్నం 1 గంట దాటిన కాసేపటికే చివరి కప్పు అన్నమాట. 47 మిల్లీగ్రాములున్న ఒక కప్పు టీకి మాత్రం అలాంటి గడువు తేలలేదు. టీ తాగేవారికి ఇది ఊరట కలిగించే మాటే. ఒక్క కప్పుతో ఆగినప్పుడే ఆ ఊరట దక్కుతుంది.

కెఫీన్ శరీర గడియారాన్ని కూడా వెనక్కి నెడుతుంది. 2015లో అమెరికాలోని కొలరాడోలో చేసిన చిన్న ప్రయోగంలో, పడుకునే 3 గంటల ముందు రెండు ఎస్‌ప్రెస్సోలకు సమానమైన కెఫీన్ ఇస్తే, మెలటోనిన్ రావడం సుమారు 40 నిమిషాలు ఆలస్యమైంది. తెల్లవారుజామున 4కి లేవవలసిన మనిషికి ఆ 40 నిమిషాలు తిరిగి దొరకవు.

అందరి ఒంట్లోనూ కెఫీన్ ఒకే వేగంతో కరగదు. దాన్ని కాలేయంలో కరిగించే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే చురుకు, కొందరిలో మందం. గర్భిణుల్లో, ముఖ్యంగా నెలలు నిండే కొద్దీ, సగం కరగడానికి 15 గంటల దాకా పట్టవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో అది దాదాపు రెట్టింపవుతుంది. పొగతాగేవారిలో మాత్రం తలకిందులు. బీడీ, చుట్ట, సిగరెట్ పొగలోని పదార్థాలు ఆ ఎంజైమును రెచ్చగొట్టడంతో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. పొగాకు పండే ప్రకాశం జిల్లాలో ఈ సంగతి ప్రత్యేకంగా తెలిసి ఉండాలి. పొగ మానిన మనిషి అవే టీలు తాగుతుంటే ఒంట్లో కెఫీన్ ఎక్కువసేపు నిలిచి నిద్ర చెడుతుంది, గుండె దడదడలాడుతుంది. ఆ బాధను బీడీ మానడం మీదకు నెట్టి మళ్లీ ముట్టిస్తారు. మానేవారు టీని కూడా సగానికి తగ్గించుకుంటే ఆ చిక్కు చాలావరకు తప్పుతుంది.

కష్టం వేరు, వ్యాయామం వేరు

ఒళ్లు కదిలించినవారికి నిద్ర బాగా పడుతుందన్నది అనుభవంలోనూ పరిశోధనలోనూ రుజువైన సంగతి. క్రమం తప్పని వ్యాయామం నిద్ర త్వరగా పట్టేలా చేస్తుంది, గాఢనిద్రను కాస్త పెంచుతుంది. మరి పొద్దంతా పత్తి తీసే మనిషికి ఆ మేలు నిండుగా దక్కాలి కదా? అక్కడే తేడా ఉంది. ఉద్యోగంలో పడే శ్రమ, తీరిక వేళ ఇష్టంగా చేసే శ్రమ ఆరోగ్యం మీద ఒకేలా పనిచేయవని డెన్మార్క్ పరిశోధకులు ఏళ్ల తరబడి చూపిస్తూ వచ్చారు. వ్యాయామం ముప్పావు గంట, ఆ తర్వాత విశ్రాంతి. కూలి పని ఎనిమిది గంటలు, ఒకే భంగిమ, ఎండ, దాహం. ఎప్పుడు ఆపాలో తన చేతిలో ఉండదు. నడుం నొప్పి, చేతివేళ్ల మంట రాత్రి నిద్రను తెంపుతాయి. కాబట్టి పొలం పని చేసేవారికి సాయంత్రం కావలసింది ఇంకో వ్యాయామం కాదు. నడుము నిటారు చేసుకునే పది నిమిషాలు, కడుపునిండా నీళ్లు, నొప్పి తగ్గే ఏర్పాటు.

వ్యాయామం అవసరం కుర్చీలో కూర్చునేవారిది. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలులో మిర్చి కమీషన్ కొట్లలో, బ్యాంకుల్లో, కోచింగ్ సెంటర్లలో పనిచేసేవారు చాలామంది ఇప్పుడు రాత్రి 8 దాటాక జిమ్‌కు వెళుతున్నారు. రాత్రి వ్యాయామం నిద్ర చెడగొడుతుందా? 2019లో జ్యూరిక్ పరిశోధకులు 23 అధ్యయనాలు కలిపి చూస్తే, సాయంత్రపు వ్యాయామం వల్ల మొత్తం మీద హాని కనబడలేదు. గాఢనిద్ర కాస్త పెరిగింది కూడా. పడుకోవడానికి గంట లోపు ఆయాసపడేంత తీవ్రంగా చేసినప్పుడే నిద్ర దెబ్బతింది. 2025లో మొనాష్ విశ్వవిద్యాలయం వారు 14,689 మంది ధరించిన పరికరాల నుంచి సుమారు 40 లక్షల రాత్రుల సమాచారం పరిశీలించారు. తీవ్రమైన వ్యాయామం పడుకునే వేళకు 4 గంటల లోపు ముగిస్తే నిద్ర ఆలస్యమై, తగ్గి, రాత్రి గుండె వేగం ఎక్కువగా ఉండటం కనబడింది. రెండూ కలిపి చదివితే సారాంశం ఒకటే: మామూలు నడకకు ఏ వేళైనా ఫరవాలేదు, బరువులెత్తడం, పరుగు పందెం లాంటివి చీకటి పడే లోపు ముగించాలి.

వ్యాయామం గడియారాన్ని కూడా జరుపుతుంది. 2019లో అమెరికా శాస్త్రవేత్త షాన్ యంగ్‌స్టెడ్ బృందం చూపినదాని ప్రకారం, ఉదయం 7కి గానీ మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య గానీ చేస్తే గడియారం ముందుకు, అంటే త్వరగా నిద్ర వచ్చేవైపు జరుగుతుంది. రాత్రి 7 నుంచి 10 మధ్య చేస్తే వెనక్కి జరుగుతుంది. ఎండాకాలంలో ఈ నేల మీద మధ్యాహ్నపు వ్యాయామం ప్రాణం మీదకు తెస్తుంది కాబట్టి మనకు మిగిలేది ఉదయమే. ఉద్యోగాల సెలక్షన్ల కోసం తెల్లారగట్ల ఊరి బయట పరుగులు తీసే కుర్రాళ్లు ఎంచుకున్న వేళ సరైనదే. జిమ్‌కు ముందు నీళ్లలో కలుపుకు తాగే పొడులతోనే అసలు ప్రమాదం. ఇందాకటి ఆస్ట్రేలియా లెక్కలో 217.5 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న అలాంటి పానీయానికి 13.2 గంటల గడువు తేలింది. రాత్రి 8కి అది తాగి వ్యాయామం చేసేవారు తెల్లవారేదాకా నిద్రను తాకట్టు పెట్టినట్టే.

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి తగ్గాలి. వ్యాయామమైనా, ఎండలో పనైనా ఆ వేడిని పెంచుతాయి, దిగడానికి సమయం కావాలి. పొలం నుంచి వచ్చాక వేణ్నీళ్లు పోసుకునే మన అలవాటుకు మంచి ఆధారం ఉంది. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీటితో స్నానం చేస్తే చర్మం దగ్గరి రక్తనాళాలు విచ్చుకుని లోపలి వేడి బయటికి పోతుందని, నిద్ర త్వరగా పడుతుందని 2019లో టెక్సాస్ పరిశోధకులు లెక్కగట్టారు. మన పంట గురించీ ఒక మాట. 1992లో ఆస్ట్రేలియాలో ఆరుగురు యువకులకు రాత్రి భోజనంలో మిరప సాస్, ఆవాల ముద్ద పెట్టి చూస్తే, తొలి నిద్రలో ఒంటి వేడి పెరిగింది, గాఢనిద్ర తగ్గింది. వాళ్లకు మనంత కారం అలవాటు ఉండకపోవచ్చు కాబట్టి ఆ ఫలితాన్ని మనకు యథాతథంగా అంటగట్టలేం. అయినా నిద్ర సరిగా లేనివారు పండుమిరప పచ్చడిని రాత్రి నుంచి మధ్యాహ్నానికి మార్చుకుని చూడటంలో నష్టమేమీ లేదు.

అరగంట కునుకు విలువ

మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య వచ్చే మగత అన్నం వల్లనే రాదు. శరీర గడియారంలోనే ఆ వేళకు ఒక పల్లం ఉంది. ఆ పల్లాన్ని టీతో దాటిస్తే రాత్రి మీద భారం పడుతుంది. కునుకుతో దాటిస్తే పడదు. దీనికి మన పొరుగునే, చెన్నైలో, గట్టి సాక్ష్యం దొరికింది. 2021లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఆర్థికవేత్తలు 452 మంది నగర పేదలను పరిశీలించారు. వాళ్లు రాత్రి 8 గంటలు పడక మీద ఉన్నా, నిద్రపోయింది సగటున ఐదున్నర గంటలే. కళ్లకు గంతలు, చెవులకు దూది లాంటివిచ్చి, ప్రోత్సహించి రాత్రి నిద్రను 27 నిమిషాలు పెంచినా పనిలో మెరుగుదల కనబడలేదు. పనిచేసే చోటే మధ్యాహ్నం అరగంట కునుకుకు వీలు కల్పిస్తే మాత్రం పని నాణ్యత, మనసు కుదురు, శ్రద్ధ పెరిగాయి.

రాత్రి బండి నడిపేవారి సంగతి వేరు. జాతీయ రహదారి 16 మీద ఒంగోలు నుంచి గుంటూరుకు మిర్చి లోడు తెచ్చే డ్రైవరును టీ మానమని ఎవరూ చెప్పకూడదు. అతనికి పనికొచ్చే పద్ధతిని ఇంగ్లండులోని లఫ్‌బరో పరిశోధకులు రెయ్‌నర్, హార్న్ 1997లో పరీక్షించారు. కాఫీ తాగిన వెంటనే బండి పక్కన ఆపి పదిహేను నిమిషాలు కునుకు తీయడం. కెఫీన్ పనిచేయడం మొదలుపెట్టేలోగా కునుకు కాస్త అడెనోసిన్‌ను తగ్గిస్తుంది. లేచేసరికి రెండూ తోడవుతాయి. కళ్లు మూతలు పడుతుంటే మాత్రం ఏ టీ కూడా కాపాడదు, నిద్రపోవడమే దారి.

మిగిలినవారు చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. తెల్లవారగానే ఒక టీ, పొలంలో పది గంటలకు ఒక టీ తాగండి. కాఫీ అయితే మధ్యాహ్నం ఒంటిగంట లోపు ముగించండి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ వద్దని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది కూడా గుర్తుంచుకోండి. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు అది రెండో దెబ్బ. సాయంత్రం గ్లాసు పట్టుకునే అలవాటు పోకపోతే అందులో మజ్జిగ పోసుకోండి. పరీక్షల ముందు పిల్లలకు అర్ధరాత్రి కాఫీ కలిపి ఇవ్వకండి. పగలు చదివింది నిలిచేది రాత్రి నిద్రలోనే.

ఇక ముఠా మేస్త్రులకు, రైతులకు, జిన్నింగ్ మిల్లుల, కోల్డ్ స్టోరేజీల యజమానులకు ఒక విన్నపం. మధ్యాహ్నం టీ క్యానుతో పాటు చెట్టు నీడో, తడికల పందిరో చూపించి, కూలి కోయకుండా అరగంట నడుము వాల్చనివ్వండి. ఆ అరగంటకు మీరు నష్టపోయేది తక్కువ, వాళ్లకు దక్కేది ఎక్కువ.